కోళ్ళు లేని ఊరు

చెల్లెమ్మా, ప్రభువు నీ కన్నీరు తుడుచుగాక!

వలస వచ్చినవాళ్ళకు ఈ ఊళ్ళో సమాధికి చోటివ్వరు గనుకనే అమ్మను పక్క ఊరికి మోసుకెళ్ళి పాతిపెట్టాం. ఆ గతి ఇంకెవరికీ పట్టకూడదని బావ బస్సు తోలుకుంటూనే వార్డు ఎన్నికలో నిలబడ్డాడు. ప్రార్థనలో మన సంఘమంతా చేతులెత్తి ఆమెన్ అంది. ఓటు మాత్రం అవతలివాడికి వేసి బావను ఓడించింది.

మన దర్జీని నిలదీశాను.

"మనవాడు గెలిస్తే అందరి కళ్ళూ మనమీదే పడతాయి అయ్యగారూ. కనబడకుండా బతికితే చాలు" అన్నాడు.

"చచ్చాక ఎక్కడ దాక్కుంటావురా?" అన్నాను. 

శిష్యుడైన పేతురు కూడా భయపడి ప్రభువును ఎరగనన్నాడు. కాని ప్రభువు ముందే చెప్పినట్టు కోడి కూయగానే వెక్కివెక్కి ఏడ్చాడు. ఈ ఊళ్ళో కోళ్ళు లేవు తల్లీ. ఆదివారం ప్రసంగంలో నేనే కూస్తాను. బావను ముందు బల్లమీద కూర్చోబెట్టు. అతని ముఖం చూసి ఒక్కరైనా ఏడుస్తారేమో చూద్దాం.

అన్నయ్య