గోధుమకు జబ్బు చేయకపోవడం నా తప్పు కాదని మనవి

గోధుమ పరిశోధనా కేంద్రం సంచాలకుల వారి సముఖమునకు, అదే కేంద్రంలో తెగులు వ్యాప్తి సహాయకుడు (తాత్కాలికం) వ్రాసుకొను అర్జీ.

విషయం: కొత్త గోధుమ మడిలో తుప్పు తెగులు పుట్టించలేకపోయినందుకు నాకిచ్చిన మెమో రద్దు చేయుట మరియు నా ఉద్యోగం నిలుపుట గురించి.

అయ్యా,

తమరు ఈ కుర్చీలోకి కొత్తగా వచ్చారు గనుక ముందు నా పని ఏమిటో మనవి చేసుకుంటాను. లోకంలో అందరూ పంటకు తెగులు రాకుండా చూస్తారు. నేను వచ్చేలా చూస్తాను. అద్దాల గదిలో పాతరకం గోధుమ మొక్కల మీద తుప్పు తెగులును బతికించి ఉంచడం, ఆ ఆకుల్ని కాగితం మీద తట్టి నారింజ రంగు పొడి పోగుచేయడం, దాన్ని నీళ్లలో కలిపి సాయంత్రం పూట మడి మీద పిచికారీ చేయడం, తడి ఆరకుండా తెల్లారేదాకా ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచడం నా విధులు. ఏ గోధుమ తట్టుకుంటుందో, ఏది చతికిలబడుతుందో అప్పుడు గదా తెలిసేది. ఈ పనిలో నాకు ఇంతవరకు మాట రాలేదు. నా చేయి పడ్డాక బతికి బట్టకట్టిన గోధుమ లేదని తోటివాళ్లే చెబుతారు. కావలసిన వారు విచారించుకోవచ్చు.

1. పై అంతస్తు మేడం గారు ఏళ్ల తరబడి కష్టపడి ఒక కొత్త గోధుమ తయారు చేశారు. వారు చెప్పిన ప్రకారం, తుప్పు తెగులు లోపలికి రావడానికి గోధుమే తలుపు తీసిపెడుతుందట. ఆ తలుపు తీసే జన్యువును వారు సవరించేశారట. బయటినుంచి ఏదీ తెచ్చి కలపలేదు, ఉన్నదాంట్లోనే చిన్న కత్తిరింపు అన్నారు. నేను పైకి "అలాగేనండీ" అన్నాను గానీ లోపల నవ్వుకున్నాను. ఇలాంటి తలుపులు ఎన్ని చూడలేదు నేను!

2. పిచికారీ చేశాను. రాలేదు. మళ్లీ చేశాను. రాలేదు. పక్కనున్న పాతరకం వరస మాత్రం పాపం రెండో వారానికల్లా నిలువునా నారింజ రంగు పులుముకుంది. పంతం కొద్దీ మూడోసారి ఒక్కో ఆకునూ పట్టుకుని వేళ్లతో రుద్ది మరీ పొడి పూశాను. కొత్త గోధుమకు చీమ కుట్టినట్టయినా లేదు. కడుపు మండి దాన్ని మనిషిని తిట్టినట్టు తిట్టాను. ఆ మాటలు అర్జీలో రాయదగినవి కావు.

3. ఒక్క మచ్చా లేదని తేలిన రోజున మేడం గారు చెప్పులు గట్టున విడిచి మడి చుట్టూ గంతులేశారు. పైన కేకు కోశారు. నాకూ ఒక ముక్క పెట్టారు. ఆ ముక్క నోట్లో ఉండగానే కింద పరిపాలనా విభాగం వాళ్లు మెమో చేతికిచ్చారు. అందులో ఉన్నది ఉన్నట్టు: "మీకు అప్పగించిన మడిలో కనీసం సగం ఆకులకు తెగులు కలిగించవలసి ఉండగా ఒక్క ఆకుకూ కలిగించలేదు. ఇది విధి నిర్వహణలో నిర్లక్ష్యం. మిమ్మల్ని ఎందుకు తొలగించరాదో తెలుపవలెను." అయ్యా, ఒకే సున్నాకు పైన కేకు, కింద మెమో. మెట్ల మీద నేను.

4. మెమో మీద సంతకం పెట్టిన సూపరింటెండెంటు గారి దగ్గరికి పరుగెత్తాను.

"సార్, అది తెగులు రాని గోధుమ సార్."

"రానిదాన్ని రప్పించడానికే గదయ్యా నిన్ను పెట్టుకుంది?"

"పక్క వరస చూడండి సార్, నిండా వచ్చింది."

"పక్క వరస నీ లక్ష్యంలో లేదు."

మేడం గారితో ఒక మాట చెప్పిద్దామని పైకి వెళ్లాను. వారు మెమో సంగతి విని, నేను హాస్యానికి చెబుతున్నాననుకుని పకపకా నవ్వి, మర్నాడే ఏదో సభకని విమానం ఎక్కారు.

5. ఇంటి సంగతులు అర్జీలో రాయకూడదు. రాస్తున్నాను. నా చొక్కాలన్నిటికీ నారింజ మరకలే. బడిలో "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే మా అమ్మాయి "రోగాలు పెంచుతాడు" అని చెప్పి వచ్చింది. మెమో చదివి మా ఆవిడ, "బాగుచేయడం ఎలాగూ రాదు, పాడుచేయడం కూడా చేతకాలేదా మీకు?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడే కూర్చున్న మా బావమరిది, దుకాణాలకు బోర్డులు రాసేవాడు, "ఊరుకో అక్కా, బావ సంగతి నేను చూసుకుంటాగా" అన్నాడు. మాటవరసకి అన్నాడనుకున్నాను. అయ్యా, నాకు వేరే పని రాదు. తెగులు అంటించడం మాత్రమే వచ్చిన మనిషిని బయట ఎవరు చేరదీస్తారు? భయంగా ఉంది.

6. కాబట్టి మెమో రద్దు చేయించవలసిందిగా ప్రార్థన. రుజువు కావాలంటే తమరు ఒక్కసారి తెల్ల ప్యాంటు వేసుకుని రెండు వరసల మధ్య నడవండి. ఒక కాలు పాతరకాన్ని, ఒక కాలు కొత్తరకాన్ని రాసుకుంటూ నడవాలి. బయటికి వచ్చాక ఏ కాలు నారింజ రంగయిందో చూసుకుంటే నేను పనిచేశానో లేదో తెలిసిపోతుంది. ప్యాంటు నేనే ఉతికిస్తాను.

7. తెగులు రాని గోధుమ వచ్చాక ఇక నీతో పనేమిటి అంటారేమో. తుప్పు ఊరుకునే రకం కాదండీ. ఇవాళ కాకపోతే రేపు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఆ రోజుకి దాని అలవాట్లు తెలిసినవాడు ఒకడు లోపల ఉండాలి.

ఇవన్నీ చిత్తగించవలెను. అన్నీ కుదరకపోతే ప్యాంటు సంగతి ఒక్కటైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తెగులు వ్యాప్తి సహాయకుడు (ఇప్పటివరకు)

తా.క.: ఇది కవరులో పెట్టాక జరిగింది. ఈ ఉదయం మడి తనిఖీకి వస్తానని సూపరింటెండెంటు గారు నిన్ననే చెప్పారు, ఆ మాట రాత్రి ఇంట్లో అన్నాను. ముందే వెళ్లి చూద్దును గదా, కొత్త గోధుమ ఆకుల మీద మచ్చలు! గుండె ఆగినంత పనైంది, సంతోషంతోనే. వేలితో రుద్దాను. పొడి అంటలేదు. వంగి చూశాను. మచ్చలన్నీ ఒకే సైజు, ఒకే ఎడం. పైగా ప్రతి మచ్చకూ కుడిపక్కన కింద నల్లటి నీడ.

వెంటనే మా బావమరిదికి ఫోన్ చేశాను. "ఒరేయ్, ఏం పనిరా ఇది?"

"నీ ఉద్యోగం నిలబెట్టా బావా. ఆయన చూసి వెళ్లేదాకా వాటిని ముట్టుకోకు, అంతే."

"మచ్చకి నీడ ఎక్కడైనా ఉంటుందట్రా?"

"నీడ లేకపోతే ఉబ్బెత్తుగా కనపడదు బావా, బోర్డు మీద అక్షరమైనా అంతే."

కంచె దూకినందుకు వాణ్ణి క్షమించవలెను. ఆ మచ్చలు వదిలేస్తే నా మెమో పోయేది, మేడం గారి గోధుమా పోయేది. గేటు దగ్గర సూపరింటెండెంటు గారి స్కూటరు చప్పుడు వినిపిస్తుండగా తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచాను. ఆ గోధుమ మీద నాకు పీకల దాకా కోపం ఉంది. కానీ దాన్ని ఓడిస్తే నా తుప్పే ఓడించాలి, మా బావమరిది కుంచె కాదు. తుడిచిన గుడ్డ జతపరిచాను.

సూపరింటెండెంటు గారు మడంతా తిరిగి, "ఇవాళ్టికీ ఒక్క మచ్చా లేదు" అని రాసుకున్నారు.

వెనకాల నిలబడి నేనే "లేదు సార్" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.