తీసెయ్యమ్మా

ఫిల్మ్‌నగర్

అమ్మా,

నీ కాళ్లకు మొక్కి నవత రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నామని రాయబోయాను, చెయ్యి ఆగింది. ముందు నువ్వడిగినవాటికి జవాబు చెప్తాను, మిగతాది ధైర్యం వచ్చాక. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావేమో. ఈ చిన్న ఫ్లాట్‌లో ప్రతి మాటా అత్తమ్మకు వినబడుతుంది.

"నేను గూడ ఓవెన్ కొంట బిడ్డా, ఏ మోడ్ పెట్టాలె, ఏ డబ్బల పొయ్యాలె?" అని రాశావు. కేకుకు కింది రాడ్డూ పై రాడ్డూ రెండూ వేడెక్కే మోడ్ పెట్టు. ఫ్యాను తిరిగేది బిస్కట్లకు బాగుంటుంది. పై రాడ్డు ఒక్కటే కాలే మోడ్ జోలికి పోకు. డబ్బా తెల్లటి అల్యూమినియందే కొను. నల్లదైతే లోపల ఉడక్కముందే అంచులు మాడతాయి. అడుగున వేసే బటర్ పేపర్ డబ్బా అంచు దాటకుండా కత్తిరించు. ఇది మాత్రం మరిచిపోకు.

నేను మరిచిపోయాను.

"వియ్యపురాలు ఫోనే చేస్తలేదు, అలిగిందా ఏంది?" అని కూడా అడిగావు. అలగలేదమ్మా. ఆమెకు గొంతు పోయింది.

పోయిన వారం నేను కేకు పెట్టిన రోజు ఓవెన్ అద్దంలోకి తొంగి చూసి, "నీ కేకుకి రక్తం లేదేంటే నవతా!" అని నవ్వి హాల్లోకి వెళ్లింది. పైన ఎర్రబడాలని పై రాడ్డు మోడ్‌కు తిప్పాను. పైకి లేచి ఉన్న పేపర్ రాడ్డుకు తగిలి అంటుకుంది. "తీసెయ్యమ్మా, తీసెయ్!" అని హాల్లోంచి పరుగెత్తుకొస్తూ అత్తమ్మ అరిచింది. వాళ్లింట్లో కరెంటు ఆపమనడానికి అదే మాట. మనమైతే బంద్ చెయ్ అంటాం. నాకు డబ్బా బయటికి తీయమన్నట్టే వినిపించింది. తలుపు తెరిచాను. గాలి తగిలి మంట ఎగిసింది. ఆమె నన్ను వెనక్కి లాగి, నా చోట తాను నిలబడి ఆ పొగంతా పీలుస్తూ తలుపు మూసింది, ప్లగ్గు పీకింది.

నాకు వెంట్రుక కూడా కాలలేదు. ఎన్నో సినిమాల్లో తల్లి పాత్రలకు డబ్బింగ్ చెప్పిన గొంతు ఆమెది. లోపల వాచింది, మాట్లాడొద్దు అన్నాడు షేక్‌పేట డాక్టరు. మునుపటిలాగే వస్తుందా అంటే "చూద్దాం" అన్నాడు. అవుట్‌డోర్ షూటింగ్‌కు వెళ్లిన మీ అల్లుడికి కూడా చెప్పొద్దని ఆమె సైగ చేసింది.

ఇంకొకటి. ఇవాళ స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది. "రాజ్యలక్ష్మి గారున్నారాండీ? వచ్చే సోమవారం క్లైమాక్స్ డబ్బింగ్ చెప్పాలి. వస్తారు కదా?" ఆమె ఎదురుగానే కూర్చుంది. గొంతు పోయిందని ఆమె ముందు ఎట్లా అనేది? "వస్తారండీ" అనేశాను.

కళ్లతోనైనా తిడుతుందనుకున్నాను. డాక్టర్ వద్దన్నా నోరు తెరిచింది. గాలి మాత్రమే వచ్చింది. నా చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుని మళ్లీ ప్రయత్నించింది. లోపల ఏమీ కదల్లేదు. భయం నా ఒక్కదానిదే అనుకున్నానమ్మా. చాలాసేపు ఆమె నా చెయ్యి వదల్లేదు.

ఆదివారానికల్లా రా. స్టూడియో వాళ్లకు నిజం నేనే చెప్తాను. చెప్పేటప్పుడు ఆమె పక్కన నువ్వు కూర్చో.

ఇట్లు,
నీ పెద్ద బిడ్డ
నవత