రెండు గుప్పిళ్ల పటిక

బావా,

"ఆ ఒక్క ముక్కా ఆ పిల్లకి చెప్పేస్తే నీ సొమ్మేం పోయింది?" అని రాశావు. సొమ్మేమీ పోదు, కసి పోతుంది. ఈ వయసులో నాకు మిగిలింది అదొక్కటే.

ఇంతకాలం నీ దగ్గర దాచాను. నేను ఉద్యోగం మానలేదు, మాన్పించారు. మా అద్దకం మిల్లు మేనేజరు, నీలానికీ నలుపుకీ తేడా తెలియని మహానుభావుడు, నాకు కోపం ఎక్కువని మూడు రోజుల క్లాసుకి పంపాడు. ఎదుటివాళ్ల మనసు కనిపెట్టడం నేర్పుతారట. అన్ని కావ్యాలు చదివినవాణ్ణి కూర్చోబెట్టి, నవ్వే బొమ్మా ఏడ్చే బొమ్మా చూపించి, ఏది ఏదో చెప్పమన్నారు. రెండోరోజే లేచి వచ్చేశాను. నెల తిరక్కుండా నా కుర్చీలో నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి కూర్చుంది.

ఇప్పుడు వానలు. చెరువు నీళ్లు బురదై, నీలం గుడ్డ మచ్చలు మచ్చలుగా వస్తోంది. రెండుసార్లు సరుకు పాడైంది. సోమవారం కూడా పాడైతే ఆమెని పంపేస్తారు. నిన్న మళ్లీ మా గుమ్మంలో నిలబడి, "మాస్టారూ, నిద్ర పట్టట్లేదు. వానల్లో మీరేం చేసేవారో చెప్పరూ?" అంది.

"క్లాసులో చెప్పలేదా అమ్మా?" అన్నాను.

నీళ్ల తొట్టిలో రెండు గుప్పిళ్ల పటిక. ముప్ఫై ఏళ్లు ఎవరి కంటా పడకుండా వేశాను. చెప్పను గాక చెప్పను.

నీ బావమరిది


బావా,

చెప్పేశాను. నీ మాట విని కాదు, ఎగిరి గంతెయ్యకు. శనివారం మేనేజరు మా ఇంటికొచ్చాడు. "ఆ అమ్మాయికి ఒత్తిడి తట్టుకోవడం రావట్లేదు. క్లాసుకి పంపినా లాభం లేదు. మీరే వచ్చెయ్యండి" అన్నాడు. నా గురించి అన్న మాటే, అదే గొంతుతో. ఒళ్లు మండి, సోమవారం పొద్దున్నే తిన్నగా ఆమె దగ్గరికి వెళ్లి పటిక సంగతి చెప్పాను.

ఆమె పటిక వేసి, రంగు తొట్టిలోకి నీళ్లు వదిలింది. ముందుగా ఒక ముక్క ముంచి చూస్తే, మళ్లీ మచ్చలే. ఆ ముక్క లాక్కుని వెలుతురులో పట్టి చూశాను. "అబద్ధం చెప్పాననుకుంటున్నావా?" అన్నాను.

"లేదు మాస్టారూ. మీరే చెయ్యండి, నేను చూస్తాను."

పటిక వేశాను. అలవాటు కొద్దీ మిల్లంతా ఒక చుట్టు తిరిగి, గుడ్డ మడతపెట్టేవాణ్ణీ బాయిలరు వాణ్ణీ నాలుగు తిట్టి, వచ్చి నీళ్లు వదిలాను. నీలం ఒక్క మచ్చ లేకుండా దిగింది.

ఆమె వాచీ చూసుకుని నవ్వుతోంది. "ఇరవై నిమిషాలు తిట్టారు మాస్టారూ. ఈలోగా మట్టి అడుక్కి దిగింది."

చూశావా బావా, నేను దాచింది సగమే. మిగతా సగం నాకే తెలియదు.

ఆమె రిజిస్టరులో రాసింది: పటిక వేశాక ఇరవై నిమిషాలు ఆగాలి. "తిట్లు కూడా రాయనా?" అంది.

"రాయి. మేనేజరు పేరు మీద రాయి."

సాయంత్రానికి సరుకంతా సరిగ్గా వచ్చింది, ఆమె ఉద్యోగం నిలబడింది. "మీకింకా ఏమేం తెలుసు మాస్టారూ?" అని అడిగింది. "అది నువ్వే చూసి చెప్పాలమ్మా" అన్నాను. రేపు ఎనిమిదింటికి రమ్మంది. నేను పని చేస్తూ పోవాలట, చూసి రాసుకునే బాధ్యత తనదట.

వెళ్తున్నాను.

నీ బావమరిది