వేలంపాటలో లేచిన చెయ్యి

అక్కయ్యకు,

నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. చూపు మందగించినవాడికి కారెందుకని నువ్వన్నట్టే మన ఎర్రకారును నిన్న వేలంలో అమ్మేశాను. పాటకు ముందు ఎవరో యాక్సిలరేటర్ తొక్కారు. ఆనాడు నువ్వు టార్చి పట్టుకుంటే ఇంజన్ జోరు పెంచడానికి నేను బిగించిన టర్బో సన్నగా ఈల వేసింది. మబ్బుల మీద తేలిపోతున్నట్టు అనిపించి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పాట మొదలైంది, అందరికంటే ముందు నా చెయ్యే పైకి లేచి ఉంది.

"అయ్యా, కారు మీదే కదండీ! చెయ్యి దించండి" అన్నాడు పాట పాడించేవాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నా నీలం స్వెటర్ వెంటనే పంపు, ఇక్కడ చలి. బావగారికి నమస్కారాలు, మేనకోడలికి దీవెనలు.

కారు రెండో తాళంచెవి నీ కుట్టుమిషన్ సొరుగులో ఉంది. కొన్నాయన అడుగుతున్నాడు. దానికి మాత్రం తొందరేం లేదు.

నీ తమ్ముడు