ఫ్యాన్‌కు ట్రంకు తాళం

మే 8, గురువారం

బాపు చేతికి ఎర్ర గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చాడు. గుడ్డ తెల్లదని తర్వాత తెలిసింది.

మరిపెడ బయట కారం మిల్లులో బాపు ఫిట్టర్, మా అమ్మ యాడి ప్యాకింగ్. కారం దుమ్మును బయటికి లాగే పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ నేను హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పటి నుంచీ అరుస్తూనే ఉంది. బేరింగులు అరిగిపోయాయి. అది సరిగ్గా తిరక్కపోతే దుమ్మంతా యాడి గొంతులోకే.

ఇవాళ బాపు ఫ్యాన్ బెల్ట్ చూస్తుంటే పొద్దుగూకింది. మిల్లు ఊడ్చే చిలుకమ్మ అవ్వ రోజూలాగే లక్ష్మీదేవి ఫొటో ముందు దీపం పెట్టింది. మెయిన్ స్విచ్ లివర్ ఎత్తి లైట్లకు దండం పెట్టింది. ఫ్యాన్ స్విచ్ ఎప్పుడో కాలిపోతే వైరు డైరెక్టుగా కలిపేశారు. లివర్ ఎత్తితే లైట్లతోపాటు ఫ్యానూ తిరుగుతుంది. బాపు వేలి గోరు ఊడిపోయింది.

అయ్యో కొడుకా, దీపాల యాళ్లాయె, చీకట్ల ఎట్లుంచుదు అని అవ్వ ఏడ్చిందట. ఏంరా జైసింగ్, లచ్చిందేవికి మొక్కు చెల్లించినవా అని మిల్లు ఓనరు సేటు నవ్వాడట.

ఐ హేట్ హిమ్. బాపు కూడా నవ్వుతూనే చెప్పాడు. బాపు మీద ఇంకా ఎక్కువ కోపం.

మే 9

లివర్ దించి తాళం వేసి పని చేయాలని చెప్పాను. తాళమా, గిదేమన్న మీ హాస్టలా బిడ్డా అన్నాడు బాపు. ఆయనకు ఇంగ్లీషు సదువులు చెప్పకు, ముందుగాల అన్నం పెట్టు అంది యాడి.

పెట్టాను. గిన్నె గట్టిగా పెట్టాను.

మే 10, శనివారం

కొత్త బేరింగులు వచ్చాయి. రేపు మిల్లుకు సెలవు, రేపే మార్చాలి. సుత్తితోని కొట్టి ఎక్కియ్యి, జల్ది అయితది అన్నాడట సేటు. బాపు కొట్టడు. కొడితే కొత్తదీ పాడవుతుందట. వేడి నూనెలో ఉంచితే బేరింగు కొంచెం సాగుతుంది. అప్పుడు షాఫ్ట్ మీదికి తోస్తాడు. ఆలస్యమైతే చల్లారి మధ్యలోనే పట్టేస్తుంది.

అంటే ఆ టైమ్‌లో రెండు చేతులూ ఫ్యాన్ దగ్గరే. తీయడానికి ఉండదు. ఈ మాట ఎవరూ పైకి అనరు.

మే 11, పొద్దున

నా ట్రంకు పెట్టె తాళం తీశాను. తాళంచెవి జడలో ఉంది.

మే 11, ఇంటికొచ్చాక

మరిచిపోకముందే రాయాలి.

బాపుకు సద్ది ఇచ్చే వంకతో వెళ్లాను. లివర్ కిందికే ఉంది. దాని పక్కన రంధ్రం ఉంటుంది. అందులో తాళం పెట్టి నొక్కాను. ఎవరూ చూడలేదు.

పాత బేరింగు షాఫ్ట్‌కు అతుక్కుపోయింది. పుల్లర్ కొక్కేలు తగిలించి లాగితే పట్టు జారుతోంది. దాన్ని ఊడదీసేసరికే సాయంత్రమైంది. బాపు నూనెలోంచి కొత్తది తీసి, గుడ్డతో పట్టుకుని షాఫ్ట్‌కు పెట్టాడు. అప్పుడే అవ్వ దీపం వెలిగించింది. లివర్ పట్టుకుంది. కదల్లేదు.

ఓ సేటూ, లచ్చిందేవి అచ్చే యాళ్ల గీ తాళమేంది అని అరిచింది. సేటు వచ్చి ఎవడేసిండ్రా అని తిట్టాడు. జైసింగ్, చేతులు తియ్యి, ముందుగాల లైట్లు ఎయ్యాలె అన్నాడు. గిప్పుడు తియ్యరాదు సేటు, పట్టేస్తది అని బాపు లోపలి నుంచి అరిచాడు. సేటు సుత్తి అందుకున్నాడు.

నేను తాళంచెవి నోట్లో వేసుకున్నాను. వెళ్లి తాళాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. జరుగు పిల్లా, పక్కకు జరుగు అన్నాడు. జరగలేదు. నోట్లో ఇనుము రుచి. సుత్తి నా వేళ్లకు ఇంత దూరంలో.

అవ్వ నా వైపు చూసింది. తర్వాత ఫొటో ముందున్న దీపం తీసుకుని నడుచుకుంటూ ఫ్యాన్ దగ్గరికి వెళ్లింది. బాపు చేతుల పక్కన పట్టుకుంది. ఇగో ఎలుగు, లచ్చిందేవి ఈడికే అస్తది, కానియ్ కొడుకా అంది.

సేటు దీపం వైపు చూసి సుత్తి దించాడు.

బేరింగు చివరిదాకా జారి కూర్చుంది. బాపు కిందికి దిగి తాళాన్ని చూశాడు, నన్ను చూశాడు. చెయ్యి చాపాడు. తాళంచెవి ఆ అరచేతిలో ఉమ్మాను. కొడతాడనుకున్నాను. లుంగీకి తుడుచుకున్నాడంతే.

మే 12

ఫ్యాన్ అరవడం లేదట. యాడిని మాత్రం పనిలోకి రావద్దన్నాడు సేటు. నీ బిడ్డకు నోరెక్కువ అన్నాడట.

నేను ఒక్క మాట కూడా అనలేదు! నోట్లో తాళంచెవి ఉంది!

మే 27

యాడి మిరప కల్లంలో కూలికి పోతోంది. నా వల్లే. సేటు వల్లే.

బాపు ఇవాళ లివర్‌కు తాళం వేశాకే కొత్త బెల్ట్ ఎక్కించాడట. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంది. తాళం నాకు తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

జూన్ 12, హాస్టల్

ట్రంకు పెట్టెకు తాడు కట్టుకుని వచ్చాను. తాళమేదని వార్డెన్ మేడమ్ అడిగింది.

డ్యూటీలో ఉందని చెప్పాను.