మస్తాన్ మామ ఆగే చోటు

ప్రొద్దుటూరు, 1961 మే, శుక్రవారం రాత్రి

ఈ రోజు రాజుపాలెం పెళ్లి ఊరేగింపులో మైదుకూరు బ్యాండువాళ్లు మస్తాన్ మామ పాట వాయించారు. బొంబాయి హోటళ్లలో జాజ్ వాయించి వచ్చిన మామ, చనిపోయేదాకా మన ఊరి పెళ్లిళ్లలో క్లారినెట్ మీద పలికించిన పాటే. పాట మధ్యలో సరిగ్గా ఆయన ఆగే చోటే వీళ్లూ ఆగారు. నాకు నవ్వాగలేదు.

"ఆడ యాల ఆపుతాండావప్పా?" అని క్లారినెట్ ఆయన్ని అడిగాను.

"పాటే అట్లుందన్నా. ఆడ ఆపకుంటే శానా తప్పు," అన్నాడు గట్టిగా.

మస్తాన్ మామకు ఉబ్బసం ఉండేది. ఊపిరందక ఆగేవాడు, అంతే. ఆ సంగతి చెబితే ఆ ఖాళీని ఏదో ఒకటి వాయించి పూడ్చేస్తారేమో... చెప్పలేదు.

వీధి మలుపులో పాట మళ్లీ ఆ చోటికొచ్చింది. అందరూ ఆగారు. మామ ఊపిరి పీల్చుకున్నాడు.