పుస్తకంలో ఒక్క తెలుగు లైను

ఆళ్ళగడ్డ,
18 నవంబర్ 2024.

సిన్నమ్మీ,

అమ్మ రాసేది. ఫోన్లో అయితే మీ నాయన పక్కన్నే ఉంటాడు, అందుకని జాబు రాస్తాండా. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే నీ మనసులోనే దిద్దుకో.

నిన్న నంద్యాలకు పోయింటి. మీ మామ కూతురు వినీతకు సీమంతం చీర కొనాలని ఉమామహేశ్వరమ్మ అంగడికి పోతి. వాళ్ళ పాప లావణ్య గూడా బెంగుళూర్లో మీ యూనివర్సిటీలోనే గదా చదివేది. ఆయమ్మ చీరలు పరుస్తా పరుస్తా, "వదినా, మీ అభినవ్ పేరు చర్చిలో ఫాదరు చదివినాడంటనే. మాకు గుండెనొప్పి అంటిరి. వాడంతట వాడే పోయినాడంట గదా, పాపం!" అనె. అంగట్లో ఇంగా ముగ్గురు ఆడోళ్ళుండ్రి. పట్టుకున్న చీరలు పట్టుకున్నట్లే నా పక్క చూసిరి. ఆయమ్మ ఇంగా ఏందో చెప్పబోతాంటే నేను చెప్పులు గూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికొచ్చేసినా. ఆళ్ళగడ్డ వచ్చేంతవరకు బస్సులో కొంగు నోట్లో కుక్కుకోని కూచున్న్యా.

మీ అన్న పోయి ఏడాదిన్నరాయె. ఆ పొద్దు మీ నాయన ఏం చెప్పినాడు? "ఎవరడిగినా గుండెనొప్పి. ఇంట్లో వాని పేరు ఎవరూ ఎత్తగూడదు. ఏడుపు వాకిలి దాటగూడదు." నేనెట్ల బతుకుతాండానో నీకు తెలుసా? ఏడుపొస్తే మిక్సీలో ఇన్ని శనగపప్పులేసి తిప్పుకుంటా. ఆ సద్దులో ఏడుస్తా. వాని ఫోటో బీరువాలో నా పెండ్లి చీర కింద బోర్లా పడుండాది. నేను ఇంత దిగమింగుకోని ఉంటే, నువ్వు పోయి ముక్కూ మొగం తెలీని పిల్లోళ్ళ ముందర చెప్పుకుంటివా? మనం అహోబిలం స్వామిని కొలిచేటోళ్ళం. వాని పేరు చర్చిలో ఏందీ? నువ్వు గాని ఆ మతంలో కలిసినావా?

మీ నాయనకు చెప్పలేదు. దీపావళి అయినాక నిన్ను ఆడ దింపొచ్చినప్పట్నుంచి ఆయప్ప మనిషి మాదిరి లేడు. బస్టాండులో తిన్నది పడలేదని రెండు దినాలు అన్నం ముట్టలేదు. ఇది గూడా ఇంటే ఏమైపోతాడో.

ఒక్క మాట దాచమంటిమి. అది గూడా దాచలేకపోతివి. క్రిస్మస్ సెలవులకు ఈడికి రావద్దు. నీ మొగం చూస్తే ఏమంటానో నాకే తెలీదు.

మీ అమ్మ,
కమలమ్మ


బెంగుళూరు,
24 నవంబర్.

ప్రియమైన అమ్మా,

నీ జాబు మూడు సార్లు చదివినా. నేను ఏ మతంలోనూ కలవలేదమ్మా. పొద్దున లేస్తే ఇప్పటికీ నువ్విచ్చిన నరసింహస్వామి పటానికే మొక్కుతా.

ఈడ నవంబరు వస్తే మా యూనివర్సిటీ చర్చి వాకిట్లో బల్ల వేసి ఒక పెద్ద పుస్తకం పెడతారు. చనిపోయినవాళ్ళ పేర్లు అందులో ఎవరైనా రాయచ్చు, ఏ మతం వాళ్ళైనా. రెండో తేదీ సాయంత్రం ఫాదర్ ఫ్రాన్సిస్ ఆ పేర్లన్నీ గట్టిగా చదువుతాడు. అంతే. పేరు రాసేదానికి నిలబడిన వరసలో తలపాగా కట్టుకున్న పంజాబీ అబ్బాయి ఉన్నాడు, బురఖా వేసుకున్న లక్నో పిల్ల ఉంది. ఎవరూ ఎవరినీ "నువ్వెందుకు నిలబడినావు?" అని అడగలేదు.

మా గదిలో మిజోరం పిల్ల ఉందని చెప్పినా గదా, రింపుయి. వాళ్ళమ్మ పోయి నాలుగేండ్లు. వాళ్ళమ్మ పుట్టినరోజుకు కేకు తెచ్చి మా అందరికీ పెట్టింది. ఆమె ఎట్ల గురక పెట్టేదో మంచం మీద పండుకోని చేసి చూపించింది. నేను, కేరళ బ్లెస్సీ పడీ పడీ నవ్వినాం. పోయినోళ్ళను తలుచుకోని నవ్వచ్చని నాకు అంతవరకు తెలీదమ్మా.

చేరిన మొదటి వారమే వాళ్ళు అడిగినారు, "అన్నదమ్ములు ఎంతమంది?" అని. "నేను ఒక్కదాన్నే" అన్నా. పదిహేడేండ్లు నా జడ పట్టుకోని లాగిన మనిషిని, లేనేలేడు అన్నా.

పేరు రాసింది నేనే. అందరి మాదిరి ఇంగ్లీషులో రాసినా. ఎట్ల పోయినాడో లావణ్యకు చెప్పింది గూడా నేనే. తప్పు నాదే. నాయనను ఏమీ అడగొద్దు. నన్ను ఎంతైనా తిట్టు, రావద్దని మాత్రం అనకమ్మా.

నీ సిన్నమ్మి,
దివ్యశ్రీ


బెంగుళూరు,
7 డిసెంబర్.

అమ్మా,

నీ కాడ నుంచి జాబు లేదు. ఫోన్ చేస్తే నాయనే ఎత్తుతాండాడు. "మీ అమ్మ పనిలో ఉంది" అంటాడు. ఆ తర్వాత తిన్నావా అని మళ్ళీ మళ్ళీ అడుగుతాడు, పెట్టేయనూ పెట్టేయడు.

హాస్టల్లో అందరూ పెట్టెలు సర్దుకుంటాండారు. రింపుయి ఇంటికి చేరాలంటే మూడు దినాలంట, అయినా పోతాంది. "నీది ఒక్క రాత్రి ప్రయాణం గదా, ఎప్పుడు పోతాండావు?" అని అడిగింది. టికెట్టు దొరకలేదని చెప్పినా.

ఒక్క లైను రాయమ్మా. తిట్టైనా సరే.

దివ్య


ఆళ్ళగడ్డ,
14 డిసెంబర్.

సిన్నమ్మీ,

మొన్న వినీత సీమంతానికి నంద్యాలకు పోయింటి. ఉమామహేశ్వరమ్మ గూడా వచ్చింది. నేను మొగం తిప్పుకుంటే ఆయమ్మే వచ్చి పక్కన కూచుండె. "ఆ పొద్దు నా నోరు మంచిది గాదు వదినా, అందరి ముందర అనేస్తి. నేను చెప్పబోయింది ఇంగొకటి. అన్నను చూసి మా లావణ్య చానా బాధపడింది. పేరు రాసి, ఆడే మెట్ల మీద కూలబడినాడంట. మా పాపే నీళ్ళిచ్చి, మీ దివ్యను పిలుచుకొచ్చిందంట."

"ఏ అన్న?" అంటి.

"ఇంగే అన్న? మీ ఆయనే!"

ఫోన్ తీసి చూపిచ్చె. అంత పెద్ద పుస్తకంలో ఒక్క తెలుగు లైను అదేనని లావణ్య ఫోటో పట్టిందంట. పైనంతా ఇంగ్లీషు, కిందంతా ఇంగ్లీషు. నడమ "చి. అభినవ్".

మీ చిన్నప్పుడు బడి పుస్తకాలకు అట్టలేసి మీ నాయన రాసేవాడు గదా, "చి. అభినవ్", "చి. దివ్యశ్రీ" అని. అదే చెయ్యి. పిల్లోళ్ళు నిండు నూరేండ్లు బతకాలని పేరు ముందర పెట్టేదాన్ని తీసుకపోయి చచ్చిపోయినోళ్ళ పుస్తకంలో పెట్టినాడు. ఫోన్ ఆయమ్మ చేతికిచ్చేసి బస్సెక్కినా.

ఇంటికొచ్చి అడిగినా. "ఏమయ్యా, కీ.శే. అని గదా రాయాల్సింది?"

తలకాయ ఎత్తకుండానే "చెయ్యి రాలేదు కమలా" అన్యాడు. "పాపను దింపి వస్తాంటే ఆ వరస కనపడింది. ఎవరెవరో నిలబడిండ్రి. నన్ను ఏ ఊరని గాని, ఎవరోళ్ళని గాని ఒకరూ అడగలేదు. ఆ తెలుగు పాప 'ఎట్ల పోయినాడు అంకుల్?' అనేతలికి నోట్లో నుంచి అంతా వచ్చేసింది."

"నీకు చెయ్యి రాలేదా? నాకు నోరే లేకుండా చేస్తివి గదయ్యా! ఏడాదిన్నర నీ పక్కన్నే పండుకుంటి. నా కాడ ఏడ్చేదానికి నీకేమాయె?" అంటి.

ఆయప్ప లేసి పెరట్లోకి పోయినాడు.

నిన్నూ అదే అడగాల. మీరిద్దరూ ఆడ మెట్ల మీద కూచోని ఏడ్చుకుంటిరి. నన్ను ఈడ మిక్సీ కాడ ఒక్కదాన్నే ఇడిసిపెడితిరి. ఆయప్పను కాపాడేదానికి నువ్వు నాకు అబద్ధం రాసినావు. నీ మింద కోపం నిన్నటికి పోయింది. మీ నాయన మింద పోలేదు. పోతాదో లేదో చెప్పలేను.

బీరువాలోని ఫోటో తీసి నడింట్లో గూట్లో పెట్టినా. మీ నాయన చూసినాడు. వద్దనేదానికి నోరు యాడుంది?

ఈ జాబులో ఒక చీటీ పెట్టినా చూడు. నా చేత్తో రాసింది. "మా పెద్దోడు అభినవ్." ముందర ఏమీ పెట్టలేదు. వచ్చే నవంబరు దాకా నీ పెట్టెలో జాగ్రత్తగా పెట్టుకో. అప్పటికి నేనే వస్తా. ఆ లక్నో పిల్ల ఎనకాల నిలబడి నేనే రాస్తా. మీ నాయన వద్దు, ఆయప్ప వంతు అయిపోయింది. ఆ మిజోరం పాపకు చెప్పు, మా పెద్దోడు ఎట్ల గురక పెట్టేదో నేనూ చేసి చూపిస్తా.

సెలవులకు రా. టికెట్టు దొరకలేదని ఇంగ ఎవరికీ చెప్పొద్దు.

మీ అమ్మ,
కమలమ్మ

బస్సెక్కే ముందర ఉత్త కడుపుతో ఎక్కద్దు. కడుపునిండా తిను పాపా.